రెండు పంక్తులు తీసివేస్తే?

డెబియన్ లినక్స్‌లోని ప్రోగ్రాములను రాసేవారు వేరు, వాటిని ప్యాకేజీలుగా కట్టి మనకు అందించేవారు సాధారణంగా వేరు. ఈ రెండవవారినే మెయింటెయినర్లు అంటారు. దోషం కనబడితే మీరు పంపే బగ్ రిపోర్టు ముందుగా చేరేది వారికే. దోషం తమ కూర్పులోనిదా, మూలంలోనిదా అని వారు తేల్చుకోవాలి. ఇది చెప్పినంత సులువు కాదు.

2006లో జరిగినది చూడండి. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ప్యాకేజీ రహస్య సమాచారానికి తాళంచెవులు, అంటే కీలు, తయారుచేస్తుంది. అది విలువ నింపని మెమొరీని వాడుతున్నదని వాల్‌గ్రిండ్ అనే పరీక్షా సాధనం హెచ్చరిస్తున్నట్లు ఒక రిపోర్టు వచ్చింది. రెండు పంక్తులు తీసివేయవచ్చునా అని మెయింటెయినర్ మూల రచయితలను అడిగారు. డీబగ్గింగుకు పనికివస్తే తీసివేయవచ్చునని బదులు వచ్చింది. తీసివేశారు, హెచ్చరికలు ఆగాయి. కనుక ఆయనను నిర్లక్ష్యపరుడనడం న్యాయం కాదు.

కాని వాటిలో ఒక పంక్తి, ఊహకందని సంఖ్యలకు కావలసిన ముడిసరుకును కలిపేది. అది పోయాక మిగిలినది ప్రాసెస్ సంఖ్య ఒక్కటే. అది మామూలుగా 32,768కి మించదు. కాబట్టి ఒక రకం కంప్యూటరులో, ఒక పొడవులో పుట్టగల కీలు కూడా ఇంచుమించు అన్నే! వాటన్నిటినీ ముందే తయారుచేసుకొని, ఒక్కొక్కటే తాళంలో పెట్టి చూడవచ్చును.

2008 మే నెలలో ఈ సంగతి బయటపడింది. కనిపెట్టినవారు లూసియానో బెల్లో. ప్యాకేజీని సరిదిద్దితే సరిపోలేదు. డెబియన్‌పై ఆధారపడిన ఉబుంటు వాడేవారు కూడా ఆ రెండేళ్లలో పుట్టిన కీలను పారవేసి, కొత్తవి చేసుకోవలసి వచ్చింది.