నిపుణుల సలహా: గోప్యత ఎంతవరకు, పారదర్శకత ఎక్కడినుండి?

కొత్త ఔషధానికి గాని, కొత్త విత్తనానికి గాని అనుమతి ఇచ్చేముందు నియంత్రణ సంస్థలు స్వతంత్ర గణాంక నిపుణుల అభిప్రాయం కోరడం పరిపాటి. కంపెనీ సమర్పించిన పరీక్షల సంఖ్య సరిపోతుందా, విశ్లేషణ పద్ధతి సరైనదేనా అని వారు పరిశీలిస్తారు. వ్యాపార రహస్యాలు పోటీదారులకు చేరకుండా, పరీక్షలలో పాల్గొన్న వారి వ్యక్తిగత వివరాలు వెల్లడి కాకుండా చూచుటకు వారితో గోప్యతా ఒప్పందం చేసుకొనడం సమంజసమే. అయితే ఆ ఒప్పందం మొత్తం ఫైలుకు వేసిన తాళం కారాదు.

చట్టం ఏమి చెబుతున్నది?

సమాచార హక్కు చట్టం-2005 సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం అభిప్రాయాలు, సలహాలు, కాంట్రాక్టులు కూడా 'సమాచారమే'. సెక్షన్ 8(1)(డి) వ్యాపార రహస్యాలకు మినహాయింపు ఇచ్చినను, విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నచో వాటిని సైతం వెల్లడించవచ్చును. ఫైలులో కొంత భాగమే రహస్యమైనచో, దానిని తొలగించి మిగిలినది ఇవ్వవచ్చునని సెక్షన్ 10 తెలుపుతున్నది. సెక్షన్ 11 ప్రకారం సంబంధిత కంపెనీకి 5 రోజులలోగా నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం తెలుపుటకు దానికి 10 రోజుల గడువు ఉంటుంది. తుది నిర్ణయం మాత్రం అధికారిదే. ఇతర చట్టాలలో గాని, వాటి క్రింద చెల్లుబాటయ్యే పత్రాలలో గాని విరుద్ధమైన అంశాలున్నను ఈ చట్టానిదే పైచేయి అని సెక్షన్ 22 స్పష్టం చేస్తున్నది.

బి.టి. వంకాయ అనుభవం

బి.టి. వంకాయ భద్రతా పరీక్షల వివరాలు వాణిజ్య రహస్యమనే కారణంతో తొలుత నిరాకరింపబడినవి. వాటిని వెల్లడించాలని 2007లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించింది. సుప్రీంకోర్టు జోక్యంతో 2008లో అవి బహిర్గతమైనవి. అదే సంవత్సరం హైదరాబాద్‌లోని సి.సి.ఎం.బి. వ్యవస్థాపకులు డాక్టర్ పి.ఎం. భార్గవను ఆమోద కమిటీ సమావేశాలకు సుప్రీంకోర్టు తన ప్రతినిధిగా పంపింది. అంకెలు అందుబాటులోకి వచ్చిన పిమ్మట స్వతంత్ర శాస్త్రవేత్తలు వాటిని తిరిగి విశ్లేషించి అభ్యంతరాలు తెలిపారు. 2009 అక్టోబరులో కమిటీ అనుమతికి సిఫారసు చేసినను, హైదరాబాద్ సహా పలు నగరాలలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపిన అనంతరం 2010 ఫిబ్రవరి 9న కేంద్ర ప్రభుత్వం మారటోరియం ప్రకటించింది. ఆ నిర్ణయంపై భిన్నాభిప్రాయాలు ఉండవచ్చును; కాని అంకెలు వెలుగులోకి రానిదే ఆ చర్చకే ఆస్కారం ఉండేది కాదు.

గమనించవలసిన అంశాలు

నిపుణులతో ఒప్పందం కుదుర్చుకొనునపుడే ఏ అంశాలు ఎంతకాలం గోప్యమో అధికారులు లిఖితపూర్వకంగా నిర్దేశించాలి. నిపుణుల పేర్లు, వారికి గల ప్రయోజన సంబంధాలు, వారిని అడిగిన ప్రశ్న, అనుసరించిన పద్ధతి, ఇచ్చిన సలహా, దానిని ఆమోదించుటకు లేదా తిరస్కరించుటకు గల కారణాలు నిర్ణయం వెలువడిన పిమ్మట ప్రజలకు అందుబాటులో ఉంచడం శ్రేయస్కరం. పాత్రికేయులు కూడా 'నిపుణులు ఆమోదించారు' అన్న వాక్యంతో సరిపెట్టుకొనక, నిపుణులకు ఏ వివరాలు చూపారో, ఏవి చూపలేదో విచారించవలసి ఉన్నది.