హోరు - హుషారు

బడి వదిలాక నలుగురు స్నేహితులు చెట్టుకింద చేరారు. మాటలు పాటల మీదికి మళ్లాయి.

"నాకైతే గిటారు మోతకు గోడలు అదిరిపోవాలిరా! గుండెలో ఎవరో దరువేస్తున్నట్టు ఉండాలి" అన్నాడు ఒకడు.

"అదేం సంగీతంరా? వింటే తలనొప్పి తప్ప ఇంకేమీ లేదు" అన్నాడు రెండోవాడు.

"మా అమ్మమ్మ వినే పాత పాటలే నాకిష్టం" అంది ఒక అమ్మాయి.

"పాటలెందుకు? జాతరలో జెయింట్ వీల్ ఎక్కండి. పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో ఏదో జారినట్టు ఉంటుంది చూడండి, ఆ మజా ఏ పాటలోనూ లేదు" అంది నాలుగో అమ్మాయి.

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. నాలుకకు ఉన్నట్టే చెవికీ రుచులున్నాయి. అయితే ఈ నలుగురి మాటల్లో ఒక చమత్కారం ఉంది. గిటారు మోత కోరినవాడూ, జెయింట్ వీల్ ఎక్కమన్న అమ్మాయీ వేరువేరు విషయాలు చెప్పినట్టు కనిపించినా, వారు కోరుకున్నది ఒక్కటే: ఒళ్లు ఝల్లుమనడం. ఈ ఝల్లు ఎక్కడినుంచి వస్తుంది? దానికోసం మనం ఏ మూల్యం చెల్లిస్తున్నాం? రాక్ సంగీతం కథ తెలుసుకుంటే ఈ ప్రశ్నలకు సమాధానం దొరుకుతుంది.

రాక్ సంగీతం పుట్టిల్లు అమెరికా. ఆ దేశపు దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతివారు తరాల తరబడి బానిసలుగా పత్తిచేలలో మగ్గారు. బానిసత్వం రద్దయిన తరువాత కూడా వారి కష్టాలు తీరలేదు. పొలాల్లో పాడుకున్న పాటలనుంచి, ప్రార్థనా గీతాలనుంచి వారు 'బ్లూస్' అనే బాణీని రూపొందించుకున్నారు. ఈ బాణీ తెల్లవారి పల్లెపాటలతో కలిసి 1950 ప్రాంతాలలో 'రాక్ అండ్ రోల్' అయింది. అలన్ ఫ్రీడ్ అనే రేడియో ప్రయోక్త ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు. చక్ బెర్రీ, ఎల్విస్ ప్రెస్లీ వంటి గాయకులు దాన్ని ఇంటింటికీ చేర్చారు. నల్లవారినీ తెల్లవారినీ వేరువేరు బడుల్లో కూర్చోబెట్టిన ఆ కాలంలో, రెండు జాతుల యువకులూ ఒకే పాటకు అడుగులు వేశారు. పెద్దలు ముక్కున వేలేసుకున్నా యువతరం ఆగలేదు.

రాక్‌కు ప్రాణం ఎలక్ట్రిక్ గిటారు. మామూలు గిటారుకు వీణకు ఉన్నట్టే బోలుగా ఉండే చెక్క శరీరం ఉంటుంది. తీగ నాదాన్ని అదే పెంచుతుంది. పెద్ద వాద్యబృందంలో ఆ నాదం వినిపించేది కాదు. ఈ ఇబ్బంది తీర్చడానికి 1930 ప్రాంతాలలో అమెరికాలో ఎలక్ట్రిక్ గిటారు తయారు చేశారు. దీని సూత్రం మీరు విజ్ఞానశాస్త్రంలో చదువుకున్నదే. ఉక్కు తీగల కింద ఒక అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ ఉంటాయి. మీటినప్పుడు ఉక్కు తీగ కంపిస్తుంది. ఆ కంపనంతో అయస్కాంత క్షేత్రం మారి రాగి చుట్టలో స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. ఫారడే 1831లో కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఆ చిన్న విద్యుత్తును యాంప్లిఫయర్ ఎన్నో రెట్లు పెంచి లౌడ్‌స్పీకర్‌కు అందిస్తుంది.

యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి పనిచేయిస్తే ధ్వని తరంగాల శిఖరాలు తెగిపోయి, గరగరమనే బొంగురు నాదం వస్తుంది. ఇంజనీర్లు దాన్ని లోపమన్నారు. రాక్ కళాకారులు దానిలో కొత్త అందం చూశారు. 1960 తరువాత లండన్‌లో వాద్యాల దుకాణం నడిపిన జిమ్ మార్షల్ వంటివారు మరింత పెద్ద యాంప్లిఫయర్లు తయారుచేశారు. వేదికమీద అవి గోడల్లా లేచాయి. చెవితో వినే సంగీతం ఛాతీతో కూడా వినే సంగీతమైంది.

అభిమానుల హోరు కూడా అంతే పెరిగింది. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో ఇంగ్లండుకు చెందిన 'బీటిల్స్' బృందం పాడినప్పుడు 55 వేలకు పైగా జనం వచ్చారు. వారి కేకలలో తమ పాట తమకే వినిపించలేదని ఆ కళాకారులు తరువాత చెప్పారు. మరుసటి ఏడాది ఆగస్టు తరువాత వారు ఊరూరా తిరిగి కచేరీలు చేయడం మానుకున్నారు.

ఈ సంగీతానికి మన దేశంతోనూ చుట్టరికం ఉంది. 'క్వీన్' బృందపు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. ఆయన జాంజిబార్‌లో పార్సీ కుటుంబంలో పుట్టి, మహారాష్ట్రలోని పంచగనిలో హాస్టల్‌లో ఉండి చదువుకున్నాడు. పియానో నేర్చుకున్నదీ, తోటి విద్యార్థులతో తొలి వాద్యబృందం కట్టిందీ అక్కడే. 1985 జూలై 13న లండన్‌లో, ఇథియోపియా కరవు బాధితుల సహాయార్థం జరిగిన కచేరీలో ఆయన పాడుతుంటే డెబ్బై వేలమంది ఒక్కసారిగా చప్పట్లు చరిచారు. ఇక బెంగళూరు మన దేశపు రాక్ రాజధానులలో ఒకటి. 2003లో 'రోలింగ్ స్టోన్స్', 2007లో 'ఐరన్ మెయిడెన్', 2011లో 'మెటాలికా' బృందాలు అక్కడ పాడాయి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఒళ్లు ఎందుకు ఝల్లుమంటుంది?

ఈ అనుభవం కొత్తది కాదు. భరతుడి నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలలో 'రోమాంచం' ఒకటి. అంటే రోమాలు నిక్కబొడుచుకోవడం. తెలుగులో పులకరింత అనీ, ఒళ్లు గగుర్పొడవడం అనీ అంటాం. జాతరలో డప్పుల దరువు జోరందుకున్నప్పుడు, ఊరేగింపులో తీన్మార్ మోగినప్పుడు కాళ్లు వాటంతట అవే కదలడం మీకు అనుభవమే.

దీని లోతు తెలుసుకోవడానికి కెనడాలోని మాంట్రియల్ నగరంలో శాస్త్రజ్ఞులు ప్రయోగాలు చేశారు. 2011లో వారు ప్రకటించిన ఫలితాల ప్రకారం, మనకు ఇష్టమైన పాట వింటూ పులకరించేటప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుంది. ఆకలిగా ఉన్నప్పుడు మంచి భోజనం దొరికితే కలిగే తృప్తిలోనూ దీనికి పాత్ర ఉంది. విశేషమేమిటంటే, పాటలో మనకు నచ్చిన ఘట్టం వచ్చినప్పుడే కాదు, 'ఇదిగో, వస్తోంది' అని ఎదురుచూసే క్షణాలలో కూడా అది విడుదలవుతుంది. మృదంగ విద్వాంసుడు ముక్తాయింపు వేసి పాట ఎత్తుగడకు సరిగ్గా అందించినప్పుడు సభ అంతా తల ఊపుతుంది. రాక్ కచేరీలో డోలు ఒక్క క్షణం ఆగి మళ్లీ విరుచుకుపడినప్పుడు జనం గంతులేస్తారు. రెండుచోట్లా ఆనందం ఎదురుచూపులోనే మొదలవుతుంది. జెయింట్ వీల్ శిఖరం మీద ఒక్క క్షణం నిలిచినప్పుడు కూడా అంతే.

ఇలాంటి ఉద్వేగం అందరికీ ఒకే మోతాదులో అక్కరలేదు. మార్విన్ జుకర్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1964లో దీన్ని అంచనా వేయడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. కొందరికి సాహసాలు కావాలి. కొందరికి కొత్త రుచులు, కొత్త ఊళ్లు, కొత్త సంగీతం కావాలి. మరికొందరికి ప్రశాంతతే ఆనందం. వీరిలో ఎవరూ తప్పు చేయడం లేదు. ఉద్వేగాన్ని ఎక్కువగా కోరేవారు రాక్ వంటి సంగీతాన్ని ఇష్టపడే అవకాశం ఎక్కువని కూడా ఆయన పరిశోధనలో తేలింది. కాబట్టి పై స్నేహితులలో మొదటివాడికీ నాలుగో అమ్మాయికీ పోలిక ఉండటం వింత కాదు.

వయసు కూడా దీనికి తోడవుతుంది. కౌమార దశలో ఉద్వేగం మీద కోరిక బాగా పెరుగుతుంది. ముందువెనుకలు ఆలోచించి 'ఇక చాలు' అనే మెదడు ముందుభాగం పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవై ఏళ్లు దాటాలి. దీనికి స్నేహితుల సమక్షం తోడైతే ఏమవుతుంది? అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించి పరిశీలించారు. వారు 2005లో ప్రకటించిన ఫలితాలు ఆలోచింపజేస్తాయి. ఒంటరిగా ఆడినప్పటికంటే స్నేహితులు పక్కనున్నప్పుడు కౌమార వయసువారు ఎక్కువ ప్రమాదాలకు తెగించారు. పెద్దవారిలో ఈ తేడా అంతగా లేదు. "సౌండు ఇంకా పెంచరా!" అని ఒకడంటే మిగిలినవారు కాదనలేకపోవడానికి కారణం ఇదే.

మరి పెంచితే ఏమవుతుంది? ఇక్కడే మూల్యం సంగతి వస్తుంది.

ధ్వని తీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట సుమారు 60 డెసిబెల్‌లు. రాక్ కచేరీ 100 దాటవచ్చు. 60కీ 100కూ తేడా కొంచెమే అనుకోకండి. ప్రతి 10 డెసిబెల్‌లకూ ధ్వని శక్తి పదిరెట్లు పెరుగుతుంది. అంటే 100 డెసిబెల్‌ల మోతలో మామూలు మాటకంటే పదివేల రెట్ల శక్తి ఉంటుంది.

ఈ శక్తిని భరించవలసింది మన లోపలి చెవి. నత్తగుల్ల ఆకారంలో ఉండే ఆ భాగంలో సుమారు 15 వేల కేశకణాలు ఉంటాయి. ధ్వనికి అవి గడ్డిపరకల్లా ఊగుతూ మెదడుకు సంకేతాలు పంపుతాయి. గాలివానకు వరిచేను వాలినట్టు పెద్ద హోరుకు అవి దెబ్బతింటాయి. చేను మళ్లీ నాటుకోవచ్చు. చనిపోయిన కేశకణం మనుషులలో మళ్లీ మొలవదు.

మొదట దెబ్బతినేది సన్నని, హెచ్చుస్థాయి ధ్వనులను అందుకునే కణాలు. స, ష, త, క వంటి హల్లులను గుర్తుపట్టడానికి ఆ ధ్వనులే ఆధారం. అందుకే వినికిడి తగ్గినవారికి మాట వినిపిస్తుంది గాని, ఏ మాటో తెలియదు. ఇంట్లో ఒక భాష, వీధిలో మరో భాష వింటూ పెరుగుతున్న మీకు చెవి విలువ వేరే చెప్పాలా? అమ్మ చెప్పే సామెతనూ, పక్కింటివారి పలుకునూ పట్టిచ్చేది ఆ సున్నితమైన కణాలే.

1976 మే 31న లండన్‌లో 'ది హూ' అనే బృందం చేసిన కచేరీలో వేదికకు 32 మీటర్ల దూరంలోనే 126 డెసిబెల్‌లు నమోదయ్యాయి. అత్యంత పెద్ద ధ్వనిగల కచేరీగా అది గిన్నిస్ పుస్తకానికెక్కింది. చెవులకు హాని చేసే పోటీని ప్రోత్సహించకూడదని తరువాత ఆ పుస్తకంవారు అలాంటి రికార్డులనే మానేశారు. ఆ బృందపు గిటారు కళాకారుడు పీట్ టౌన్‌షెండ్ వినికిడి కోల్పోయి, చెవిలో ఎడతెగని హోరుతో బాధపడ్డాడు. దానికి ప్రధాన కారణం వేదిక కాదనీ, స్టూడియోలో హెడ్‌ఫోన్‌లు తగిలించుకుని పెద్ద ధ్వనితో వినడమేననీ ఆయన స్వయంగా చెప్పాడు. ఆ హెడ్‌ఫోన్‌ల తమ్ముళ్లే ఇప్పుడు మన చెవులలో ఉన్నాయి. ఇలాంటి అలవాట్లవల్ల ప్రపంచంలో వందకోట్లకు పైగా యువత వినికిడి ప్రమాదంలో ఉందని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది.

అలాగని పాట కట్టిపెట్టనక్కరలేదు. లెక్క తెలిస్తే చాలు. పనిచోట్ల శ్రామికుల చెవులను కాపాడటానికి అమెరికా నిపుణులు ఒక కొలత చెప్పారు. 85 డెసిబెల్‌ల మోతను రోజుకు 8 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకూ ఆ సమయం సగమవుతుంది. ఈ లెక్కన 100 డెసిబెల్‌ల దగ్గర మిగిలేది 15 నిమిషాలే. కాబట్టి ఫోనులో ధ్వనిని గరిష్ఠ స్థాయిలో 60 శాతం దాటనీయకండి. జాతరలోనైనా, కచేరీలోనైనా లౌడ్‌స్పీకర్ ముందు నిలబడకండి. నడుమ కాసేపు దూరంగా వెళ్లి చెవికి విశ్రాంతి ఇవ్వండి. ఇంటికి వచ్చాక చెవిలో గుయ్యిమని మోగితే, అది చెవి చేసుకున్న ఫిర్యాదని గ్రహించండి. జెయింట్ వీల్‌లో మనం ధైర్యంగా కేకలు వేయగలిగేది ముందున్న ఇనుప కమ్మీ మనల్ని పట్టుకుని ఉందన్న నమ్మకంతోనే. చెవికీ అలాంటి కమ్మీ ఒకటి వేసుకుంటే ఉద్వేగం ఏమీ తగ్గదు.

ఇక రుచుల తగవు మిగిలింది. 1977లో అమెరికా అంతరిక్షంలోకి పంపిన రెండు వాయేజర్ నౌకలలో బంగారు పూత పూసిన రికార్డులున్నాయి. ఎప్పుడో ఎవరికో దొరికితే భూమిని గురించి చెప్పడానికి వాటిలో ఎన్నో దేశాల సంగీతం నింపారు. చక్ బెర్రీ గిటారు మోగించిన రాక్ పాట అందులో ఉంది. మన కేసర్‌బాయి కేర్కర్ భైరవి రాగంలో పాడిన పాటా అందులోనే ఉంది. ఆ రెండూ ఒకే పళ్లెంలో కలిసి నక్షత్రాల నడుమ సాగిపోతున్నాయి. అంత దూరం కలిసి ప్రయాణించే పాటలు, చెట్టుకింద నలుగురు స్నేహితుల నడుమ ఇమడలేవా? ఈసారి మీ స్నేహితుడికి నచ్చిన పాటను ఒకసారి ఓపికగా వినండి. మీకు నచ్చినదాన్ని అతనికి వినిపించండి. ధ్వని మాత్రం కాస్త తగ్గించండి. అరవై ఏళ్ల తరువాత కూడా మీరు ఒకరి మాట ఒకరు వినాలి కదా!