తక్కువ ఖర్చులో గాలం కర్ర – కొరమీను కోసం స్పిన్నింగ్ రాడ్ ఎంచుకోవడం ఎలా?

మన హాస్టల్‌లో ఉన్న రోజుల్లో ఆదివారం వచ్చిందంటే మేము నలుగురం చెరువు కట్ట మీదే ఉండేవాళ్లం. వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలి ఈక కాడతో చేసుకున్న బెండు, కొబ్బరి చిప్పలో ఎర్రలు. ఇంతే మా సామాను. జిలేబీలు, పరకలు పడేవి. కొరమీను తగిలితే మాత్రం దారం తెంపుకుని పోయేది.

ఇంటర్ రెండో సంవత్సరంలో తలా నాలుగు వందలు వేసుకుని పట్నం వెళ్లి రీలు, రాడ్ కొన్నాం. కొట్టులో ఒకే ధరకు రెండు రాడ్లు చూపించారు. ఒకటి ఆరున్నర అడుగులది. రెండోది లాగితే పది అడుగులయ్యే టెలిస్కోప్ రాడ్. అంతే డబ్బుకు ఎక్కువ పొడుగు వస్తుంది కదా అని రెండోదే తీసుకున్నాం. మూడో ఆదివారం గాలం గుర్రపుడెక్కలో చిక్కుకుంది. గట్టిగా లాగేసరికి రాడ్ జాయింటు దగ్గర పుటుక్కున విరిగింది. మాలో ఒకడు పరీక్ష ఫీజుకు దాచుకున్న డబ్బులోంచి తన వాటా తెచ్చాడని అప్పుడు తెలిసింది. ఫీజు గడువులోపు ఆ డబ్బు పూడ్చడానికి నలుగురం సెలవు రోజుల్లో పత్తి తీయడానికి కూలికి వెళ్లాం.

ఆ రాడ్ నాసిరకంది కాదు. మా పనికి పనికొచ్చేది కాదు, అంతే. ఆ తేడా తర్వాత చాలా ఏళ్లకు గాని మాకు బోధపడలేదు. మా పొరపాటు మన తమ్ముళ్లు చేయకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

అమెరికా చేప, మన చేప

మన దగ్గర కొట్లలో, ఆన్‌లైన్‌లో అమ్మే స్పిన్నింగ్ రాడ్లలో చాలావాటి కొలతలు అమెరికాలో బాస్ చేపను పట్టే అలవాటు నుంచి వచ్చినవే. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా మంచినీటి చేప. పెద్ద నోరు. నాచు చాటున, మునిగిన మొద్దు పక్కన పొంచి ఉండి, దగ్గరికొచ్చిన చిన్న చేపను, కప్పను ఒక్క ఉదుటున మింగుతుంది.

ఈ వర్ణన చదివితే మనకు గుర్తొచ్చేది కొరమీనే. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొర్రమట్ట ఇదే. ఇదీ పొంచి ఉండి వేటాడుతుంది. గాలి పీల్చుకోవడానికి మాటిమాటికీ పైకి వచ్చి బుడుంగుమని మునుగుతుంది. అందుకే నీటి మీద తేలే రబ్బరు కప్ప వేస్తే పైకి లేచి పట్టుకుంటుంది. బాస్ కోసం చేసిన రాడ్ కొరమీనుకు పనికొస్తుంది. అయితే వాటిలో ఏది అన్నదే ప్రశ్న.

రాడ్ మీద రాసింది చదవండి

పిడికి కొంచెం పైన సన్నటి అక్షరాలతో రాడ్ జాతకమంతా రాసి ఉంటుంది. పొడుగు, పవర్, యాక్షన్, దారం బలం, ఎర బరువు. రంగు చూసే ముందు ఇది చదవాలి.

పవర్ అంటే రాడ్ వంగడానికి ఎంత బలం కావాలన్నది. లైట్, మీడియం, మీడియం హెవీ, హెవీ అని ఉంటాయి. చాలా రాడ్ల మీద ‘ఎం’ అంటే మీడియం, ‘ఎం.హెచ్.’ అంటే మీడియం హెవీ. నాచు లేని తేట నీళ్లలో మీడియం సరిపోతుంది. మన చెరువుల్లో తామరాకు, తుంగ, గుర్రపుడెక్క ఎక్కువ. చేప తగలగానే వాటిలోకి దూరుతుంది. అందుకని కొరమీనుకు మీడియం హెవీ మంచిది.

యాక్షన్ అంటే రాడ్ ఎక్కడ వంగుతుందన్నది. కొస మాత్రమే వంగితే ఫాస్ట్. నడుము దాకా వంగితే మోడరేట్. చింత బరికెలా పిడి దాకా వంగితే స్లో. కొరమీను నోరు గట్టిది. గాలం దిగాలంటే మన చేతి ఊపు వెంటనే అందాలి. కాబట్టి ఫాస్ట్ తీసుకోవాలి.

ఎర బరువు ఔన్సుల్లో రాస్తారు. ఒక ఔన్సు సుమారు 28 గ్రాములు. 1/4 నుంచి 3/4 అని ఉంటే 7 నుంచి 21 గ్రాముల ఎర విసరొచ్చని అర్థం. కొరమీనుకు వాడే రబ్బరు కప్పలు చాలావరకు ఈ మధ్యలోనే ఉంటాయి. అంతకన్నా తేలిక ఎర దూరం పోదు. మరీ బరువుది బలంగా విసిరితే రాడ్‌కు ప్రమాదం.

దారం బలం పౌండ్లలో ఉంటుంది. ఒక పౌండు సుమారు 450 గ్రాములు. 10 నుంచి 20 పౌండ్లు అంటే ఆ రాడ్ అంత బరువు చేపను ఎత్తుతుందని కాదు. అంత బలమున్న దారానికి తగినట్టు దాన్ని చేశారని. ఈ తేడా తెలియక చేపను రాడ్‌తోనే గట్టు మీదికి ఎత్తబోయి విరగ్గొట్టుకునేవాళ్లు ఎక్కువ.

పొడుగు ఆరున్నర నుంచి ఏడు అడుగులు చాలు. కట్ట మీద నుంచి విసరడానికి ఏడడుగులు, చెట్ల కింద ఆరున్నర అడుగులు హాయిగా ఉంటాయి.

ఏ పదార్థం, ఎన్ని ముక్కలు?

గాజు పోగుతో చేసిన ఫైబర్ రాడ్ బరువు ఎక్కువ, కానీ దెబ్బలకు ఓర్చుకుంటుంది. కార్బన్ రాడ్ తేలిక. చేప ఎరను ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది. కాని రాయికి తగిలి చిన్న గాటు పడినా తర్వాత అక్కడే విరగొచ్చు. రెండూ కలిపి చేసినవీ ఉంటాయి. మొదటిసారి కొనేవాళ్లకు, పదిమంది చేతులు మారే రాడ్‌కు ఫైబరో, కలిపి చేసిందో మేలు. కార్బన్ రాడ్ల మీద ‘24 టి’, ‘30 టి’ అని రాసి ఉంటే అది బిరుసుకు కొలత. అంకె పెద్దదైతే రాడ్ ఎక్కువ గట్టిదని భ్రమపడకండి.

టెలిస్కోప్ రాడ్‌లో జాయింట్లు చాలా ఉంటాయి. ఏడడుగుల రాడ్ రెండు ముక్కలుగా దొరికితే ఒక్కో ముక్క మూడున్నర అడుగులు. ట్రంకు పెట్టెలో పట్టదు గాని మంచం కింద పడుతుంది, బస్సులోనూ తీసుకెళ్లొచ్చు.

కొట్టులో చూడాల్సినవి

మొదట అది స్పిన్నింగ్ రాడ్ అవునో కాదో చూడాలి. దీనికి రీలు కింద వేలాడుతుంది. మొదటి రింగు పెద్దదిగా ఉండి, కొస వైపు పోను పోను చిన్నవవుతాయి. దారం రీలు నుంచి చుట్లు చుట్లుగా వస్తుంది కాబట్టి ఆ పెద్ద రింగు అవసరం. పిడి కింద తుపాకీ ట్రిగ్గర్ లాంటి కొక్కెం ఉంటే అది కాస్టింగ్ రాడ్. దానికి వేరే రీలు కావాలి.

తర్వాత కాస్త దూది తీసుకుని ప్రతి రింగు లోపల తిప్పండి. దూది పోగు చిక్కుకుంటే అక్కడ చీలిక ఉన్నట్టే. అది దారాన్ని కోసేస్తుంది. రాడ్‌ను కంటికి ఆనించి కొస దాకా చూస్తే రింగులన్నీ ఒకే వరుసలో ఉండాలి. ముక్కలు కలిపి మెల్లగా ఊపితే టకటక శబ్దం రాకూడదు. మీ రీలు బిగించి పట్టుకుంటే ముందుకు మరీ వాలిపోకూడదు. 2500 లేదా 3000 సైజు రీలు ఈ రాడ్లకు సరిపోతుంది.

డబ్బు తక్కువైతే ఎక్కడ తగ్గించుకోవాలి? కార్క్ పిడి బదులు ఫోమ్ పిడి తీసుకున్నా నష్టం లేదు. రంగు, సంచి, పేరు వదిలేయొచ్చు. రింగులు, జాయింటు, రీలు బిగించే మర దగ్గర మాత్రం రాజీ పడొద్దు.

రాడ్ కన్నా ముఖ్యమైనవి

కార్బన్‌లో కరెంటు పారుతుంది. తీగల కింద ఏ రాడ్ కూడా ఎత్తొద్దు. ఉరుము వినిపిస్తే సామాను సర్దుకుని కట్ట దిగండి. గాలం చిక్కుకుంటే రాడ్‌తో గుంజకండి. రాడ్‌ను దారానికి సూటిగా పెట్టి, చేతికి గుడ్డ చుట్టుకుని దారాన్ని లాగండి. రాకపోతే తెంపేయండి. ఎర కోసం నీళ్లలోకి దిగొద్దు. ఎర మళ్లీ కొనుక్కోవచ్చు.

చాలా ఊళ్లలో చెరువు మీద చేపల హక్కు మత్స్య సహకార సంఘానిది. చేపపిల్లలు వదిలి, నెలల తరబడి కాపలా కాసి వాళ్లు బతుకుతారు. అడగకుండా గాలం వేస్తే అది దొంగతనమే. వెళ్లి అడగండి. వద్దంటే వెనక్కి రండి. ఎర్రటి చిన్న పిల్లలు గుంపుగా నీటి మీద కనబడితే కింద తల్లీతండ్రీ కొరమీనులు కాపలా ఉన్నట్టు. అక్కడ ఎర వేయొద్దు. పెద్దవి పోతే ఆ పిల్లలన్నీ మిగతా చేపల పాలవుతాయి.

చివరిగా ఒక మాట. 1932 జూన్ 2న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే పేద రైతు యువకుడు స్నేహితుడితో కలిసి చేపలకు వెళ్లాడు. ఇద్దరికీ కలిపి ఒకటే రాడ్, ఒకటే ఎర. అది స్పిన్నింగ్ రాడ్ కూడా కాదు. ఆ రోజు పడిన బాస్ 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైచిలుకు తూగింది. తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్లి వండుకుని తిన్నారు. ఆ చేప ప్రపంచ రికార్డయింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా దాన్ని సమం చేశారు.

కాబట్టి తమ్ముళ్లూ, నలుగురికి ఒక రాడ్ ఉండటం చిన్నతనం కాదు. తలా కొంత వేసుకోండి, వంతులవారీగా వాడుకోండి. వేసుకునే ముందు ఎవరి వాటా ఎక్కడి నుంచి వస్తోందో ఒకరినొకరు అడగండి. ఫీజు డబ్బయితే దాన్ని ముట్టుకోవద్దు. రాడ్ వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. అప్పటిదాకా వెదురు కర్ర ఉండనే ఉంది.