ఇంటి కంప్యూటరులోని జ్ఞాపకములకు రెండవ చోటు

మన కుటుంబములలో చాలామంది పాత ఛాయాచిత్రములను, పెద్దల మాటల రికార్డింగులను, తాతముత్తాతల కాగితముల నకళ్లను ఇంటి కంప్యూటరులో దాచుకొనియున్నారు. 2022 ఏప్రిల్ నెలలో డర్బను ప్రాంతమున వరదలు వచ్చినప్పుడు మా ఆలయ కమిటీలోని ఒకరి ఇంట నీరు జొరబడినది. వారు బ్యాకప్ చేసియే ఉండిరి. కాని ఆ హార్డ్ డిస్కు కంప్యూటరు బల్ల సొరుగులోనే ఉండెను. రెండును కలిసి మునిగినవి.

కనుక పద్ధతిని ఎన్నుకొనుటకు ముందు, పోయినచో మరల దొరకనిది ఏదో చూచుకొనవలెను. 1860 మొదలు 1911 వరకు నేటాలునకు కూలీలుగా వచ్చిన మన పెద్దల పేర్లు, వారికి ఇచ్చిన సంఖ్యలతో సహా, నౌకల పట్టికలలో ఉన్నవి. మన ఇంటి నకలు పోయినను ఆ వివరములను తిరిగి సంపాదింపవచ్చును. అవ్వ పాడిన పెండ్లిపాట పోయినచో, మరల పాడుటకు అవ్వ లేదు. అట్టివానిని మొదట ఒక ఫోల్డరులో చేర్చుడు. అది మనము అనుకొనునంత పెద్దది కాదు.

సామాన్య కుటుంబమునకు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు చాలును. విండోసులో ఫైల్ హిస్టరీ, మాక్‌లో టైమ్ మెషీన్ అనునవి నకలు తీయు పనిని తామే చేయును. పని ముగిసిన వెంటనే డిస్కును ఊడదీయవలెను. లోడ్ షెడ్డింగు తరువాత కరెంటు ఒక్కసారిగా హెచ్చుగా వచ్చినచో, తగిలించియున్న డిస్కు కూడ చెడవచ్చును. రాన్సమ్‌వేర్ అను దొంగ ప్రోగ్రాము దానికిని తాళము వేయగలదు. పెన్ డ్రైవు ఒకచోటి నుండి మరొకచోటికి మోసుకొనిపోవుటకే మంచిది. సీడీల మాట విడిచిపెట్టుడు. క్రొత్త కంప్యూటర్లలో వానిని పెట్టు చోటే లేదు.

క్లౌడు ఇంటికి వెలుపల ఉండుట గొప్ప మేలు. గూగుల్ 15 జీబీ, మైక్రోసాఫ్ట్ 5 జీబీ ఉచితముగా ఇచ్చుచున్నవి. పాటలకు, కాగితములకు అది చాలును; వీడియోలకు చాలదు. అయితే రెండేండ్లు ఎవరును తెరువని ఖాతాను గూగుల్ తుడిచివేయవచ్చును. మరియొక చిక్కు గలదు. కంప్యూటరుతో జతపడిన క్లౌడు ఫోల్డరులో మనము పొరపాటున తుడిచినది అక్కడను తుడిచిపోవును. అందుచేత అదొక్కటే బ్యాకప్ అని నమ్మరాదు. పాస్‌వర్డు ఇంటిలో ఇంకొకరికి తెలిసియుండవలెను. తండ్రి పోయిన పిదప పిల్లలు ఖాతా తెరువలేక తిరుగుట మేము చూచితిమి.

మా అభిప్రాయము ఇది. రెండు డిస్కులు కొనుడు. ఒకటి ఇంట ఉంచి, రెండవది పీటర్‌మారిట్స్‌బర్గులోనో మరే ఊరిలోనో ఉన్న చిన్నాన్నగారి ఇంట ఉంచుడు. ఉగాదికి, దీపావళికి ఎటులను కలిసికొందుము గదా, అప్పుడు మార్చుకొనుడు. మార్చునప్పుడు ఒక పాట తెరిచి వినుడు. తెరువక దాచిన నకలు ఉన్నదో లేదో ఎవరికి తెలియును?

పాత తెలుగు ఫాంటులతో టైపు చేసిన ఫైళ్లు నేటి కంప్యూటరులో పిచ్చి అక్షరములుగా కనబడును. ఆ ఫాంటు ఉన్న పాత యంత్రము పనిచేయుచుండగనే వానిని పీడీఎఫ్‌గా మార్చి, ఆ ఫోల్డరులో చేర్చుడు.