పల్లెపాటకు నియమాలు లేవా?

పల్లెపాటల గురించి మనలో పాతుకుపోయిన అపోహ ఒకటుంది: నియమాలు తెలియనివారు నోటికొచ్చినట్టు కట్టారు కాబట్టే వాటికి ఆ సహజత్వం వచ్చిందని. ఇది మెచ్చుకోలులా వినిపించే చిన్నచూపు. కోస్తా పల్లెల్లో వెళ్దాం ‘ఎల్దాం’ అవుతుంది, వినరా ‘ఇనరా’ అవుతుంది, వేడి ‘ఏడి’ అవుతుంది. కానీ వాన ‘ఆన’ కాదు, వంట ‘అంట’ కాదు. ఇ, ఈ, ఎ, ఏ అచ్చుల ముందు మాత్రమే మాట మొదటి వకారం జారిపోతుంది. బడిలో ఎవరూ చెప్పకపోయినా ఊరంతా పాటించే సూత్రమిది. నండూరి సుబ్బారావు నాయిక వెంకి ‘ఎంకి’ అయిందీ ఈ దారినే. బాలవ్యాకరణంలో చోటు దక్కనంత మాత్రాన నియమం నియమం కాకుండా పోదు.

ఛందస్సు లేదన్న మాటా అంతే. నాట్లలో, రోకటి దగ్గర, పడవ మీద పుట్టిన పాటకు పనే తాళం వేస్తుంది. రోకలి పడే వేళకు పాదం తెగాలి. ముందు పాడినామె అందించిన మాటను గుంపు వెంటనే అందుకోవాలి. అక్కడ పొడవాటి సమాసం ఇమడదు. ఒక్కసారి విని పట్టుకోలేని మాట గుంపులో బతకదు. కాబట్టి ఆ తేటదనం చేతకానితనం కాదు, కలిసి పాడేవాళ్లు పెట్టిన కఠినమైన షరతు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణానికి జానుతెనుగునూ, పాడుకోవడానికి వీలైన ద్విపదనూ ఎంచుకున్నాడు. సంస్కృతంలోనూ రచనలు చేసిన పండితుడాయన. వేరే దారి తెలియక కాదు.

మరి ఏలూరులో వకీలుగా పనిచేసిన నండూరి రాసిన ఎంకిపాటల్లో (1925) నిజం ఎక్కడిదని అడగవచ్చు. యాస అద్దినంతనే పల్లె కవిత్వం కాదన్నది ఒప్పుకోవలసిందే. పత్రికా సంపాదకీయంలోని ఆలోచనకు క్రియల చివరలు మార్చితే మిగిలేది వేషం. నండూరి మాటతోపాటు చూపునూ మార్చుకున్నాడు: ఎంకీ నాయుడుబావా తమ ప్రేమను తమ చుట్టూ ఉన్నవాటితోనే చెప్పుకుంటారు. ఆ పాటల్లో కూలి కష్టం పెద్దగా కనిపించదంటే కాదనలేం. అది వస్తువు పరిమితి, భాష లోపం కాదు. ఆ కష్టాన్ని వంగపండు ప్రసాదరావు ఉత్తరాంధ్ర పలుకుతోనే పాడాడు.

మాండలికం పొరుగు జిల్లాకు అర్థం కాదన్నది చివరి అభ్యంతరం. ప్రబంధం కోసం నిఘంటువు తిరగేసే పాఠకుడు పాలమూరు మాట దగ్గర మాత్రం ఎందుకు ఆగిపోవాలి? వంగపండు పాటల్ని తెలంగాణ కూడా అందుకుంది. పాలమూరు పలుకు వదలని గోరటి వెంకన్న పాటలు ఆంధ్రలోనూ మారుమోగాయి. ఆయన ‘వల్లంకి తాళం’కు 2021 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.