సిరలగుండా క్రొవ్వు ఆహారము

మన యింటివారెవరైనను ఉదరమునకు శస్త్రచికిత్స పొంది మంచముపై నున్నప్పుడు మనము మొదట అడుగునది యిదియే: "డాక్టరుగారూ, రోగి యేమైనను తినవచ్చునా?" ప్రేగులు పనిచేయని దినములలో నోటితో ఆహార మిచ్చుటకు వీలులేదు. అప్పుడు గ్లూకోజు సీసా కట్టగా చూచి, రోగికి బలము వచ్చుచున్నదని తృప్తిపడుదుము. ఆ తృప్తి యెంతవరకు సరియో లెక్కించి చూతము.

నూటికి 5 పాళ్ల గ్లూకోజు ద్రవము ఒక లీటరులో నుండునది 50 గ్రాముల చక్కెర మాత్రమే. దానివలన సుమారు 170 కెలోరీల శక్తి లభించును. 60 కిలోల మనిషికి మంచముపై నున్నను దినమునకు సుమారు 1,500 కెలోరీలు కావలెను. చక్కెరను మిక్కిలి చిక్కగా ఇచ్చినచో చేతి సిర వాచును. గుండె చెంతనున్న పెద్ద సిరలోనికి గొట్టము పంపవలసివచ్చును. క్రొవ్వు అట్లు కాదు. నూటికి 20 పాళ్లు క్రొవ్వుగల ద్రవము అరలీటరు ఇచ్చినచో 1,000 కెలోరీలు లభించును. చిన్న సిరయు దానిని సహించును.

అయితే నూనె నీటితో కలియదు గదా! దానిని ఉన్నదున్నట్లు ఎక్కించినచో ఊపిరితిత్తుల సన్నని నాళములు మూసికొని ప్రాణాపాయము కలుగును. పాలలో వెన్న ఎట్లు కలిసియున్నదో, అట్లే నూనెను సూక్ష్మబిందువులుగా చేయవలెను. స్వీడను దేశీయుడగు ఆర్విడ్ రెట్లిండ్ సోయాచిక్కుడు నూనెకు గ్రుడ్డుసొనలోని ఫాస్ఫోలిపిడులను చేర్చి ఈ కార్యమును సాధించెను. ఇంట్రాలిపిడ్ అను ఆ ద్రవము 1962లో ఆ దేశమున వాడుకలోనికి వచ్చెను. చూచుటకు అది పాలవలె నుండును. ఎఱ్ఱ రక్తకణము వెడల్పు 7 మైక్రానులుండగా, ఇందలి బిందువు మైక్రానులో మూడవవంతు మాత్రమే.

క్రొవ్వు వంటచెఱకు మాత్రమే కాదు. క్రొవ్వు బొత్తిగా లేని ఆహారము తిన్న ఎలుకలకు చర్మము పొలుసులెత్తి పెరుగుదల కుంటుపడినదని జార్జి బర్, మిల్‌డ్రెడ్ బర్ అను దంపతులు 1929లో తెలిపిరి. లినోలిక్ ఆమ్లము మన శరీరము తానుగా చేసికొనలేదు. అది లేనిచో గాయములును సరిగా మానవు.

ఇక చిక్కు ఇక్కడనే యున్నది. సోయా నూనెలో సగమునకు మించి లినోలిక్ ఆమ్లమే. అది కణముల పొరలలో చేరి, వాపును పెంచునట్టియు, కొన్ని తెల్లకణముల పనిని అణచునట్టియు పదార్థములకు మూలమగును. మఱియు కాలేయములో సూక్ష్మజీవులను మ్రింగి మనలను కాపాడు కణములే ఈ నూనెబిందువులనుగూడ మ్రింగును. ద్రవమును వేగముగా ఎక్కించినచో ఆ కావలివాండ్రు నూనెతో నిండి తమ అసలు పనికి కొఱగాకపోవచ్చును.

అమెరికాలో తీవ్రముగా గాయపడినవారిపై జరిగిన పరీక్షయొకటి 1997లో ప్రకటింపబడెను. అందు మొదటి 10 దినములు క్రొవ్వు పొందినవారికి, పొందనివారికంటె అంటువ్యాధులు ఎక్కువగా కలిగెను. కాని పొందనివారికి మొత్తము కెలోరీలును తక్కువే గనుక, తప్పంతయు క్రొవ్వుదేయని చెప్పరాదు. 1991లో వెలువడిన మఱియొక పరీక్షలో శస్త్రచికిత్సకు వచ్చిన 395 మందిని పరిశీలించిరి. సిరలగుండా పూర్తి పోషణ మిచ్చుటవలన మిక్కిలి కృశించినవారికి మేలు కలిగెను. కొంచెముగా చిక్కినవారికి అంటువ్యాధులు పెరిగెను.

కావున నేటి వైద్యులు మూడు జాగ్రత్తలు పాటించుచున్నారు. మొదటిది, మితము: కిలో బరువునకు దినమునకు 1.5 గ్రాములకు మించనీయరు. రెండవది, నిదానము: గంటల తరబడి మెల్లగా ఎక్కింతురు. మూడవది, మిశ్రమము: సోయా నూనెతో ఆలివు, కొబ్బరి, చేప నూనెలను కలుపుదురు. చేపనూనె వాపును తగ్గించు స్వభావము గలది. అది చేరినప్పుడు అంటువ్యాధులు తగ్గినట్లు కొన్ని పరీక్షలలో కనబడినది.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. ప్రేగు కేవలము అన్నము జీర్ణించు గొట్టము కాదు. రోగనిరోధమునకు అది గొప్ప కోట. పనిలేని ప్రేగు లోపలి పొర పలుచబడును. కావున వైద్యుడు "ఇక కొంచెము జావ పోయవచ్చును" అన్ననాడు, "ఇంకొక సీసా పెట్టించుడు" అని మనము పట్టుపట్టరాదు. సీసా వంతెనవంటిది, ఏరు దాటువఱకే దానితో పని. ఆవలి గట్టున రోగికొఱకు కాచియున్నది ఇంటి గిన్నెడు జావయే.