ఆ మందు – ఈ మందు

"సిస్టర్, మా ఆయన పెళ్ళికి పోయి మందు తాగి వచ్చిండు. ఇయ్యాల రక్తం పలచబడే మాత్ర వెయ్యాల్నా, ఆపాల్నా?"

పెళ్ళిళ్ళ రోజుల్లో, బోనాల తరువాత, క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవుల్లో మా నర్సులను తరచుగా అడిగే ప్రశ్న ఇది. అడగకుండానే మాత్ర ఆపేసేవారూ ఉన్నారు. రెండు మందులు కలిస్తే ప్రమాదమని వారి భయం. కానీ లోహపు వాల్వు ఉన్నవారు మాత్ర ఆపితే వాల్వు మీద గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

గుండె వాల్వు మార్చినవారికి, గుండె లయ తప్పినవారికి, కాలి రక్తనాళంలో గడ్డ కట్టినవారికి వార్ఫరిన్ లేదా ఎసిట్రామ్ ఇస్తారు. వార్ఫరిన్‌ను 1948లో ఎలుకల మందుగా అమ్మారు. 1954 నుండి మనుషులకు వాడుతున్నారు. కొలతలో ఉంటేనే అది ఔషధం. ఆ కొలత తెలిపేదే ఐ.ఎన్.ఆర్. రక్తపరీక్ష. ఇది సాధారణంగా 2 నుండి 3 మధ్య, కొన్ని లోహపు వాల్వులకు 2.5 నుండి 3.5 మధ్య ఉండాలి.

ఈ మాత్రను కరిగించేది లివర్. ఒకేసారి ఎక్కువగా తాగితే లివర్ ఆ పని సరిగా చేయలేదు. ఐ.ఎన్.ఆర్. పెరిగి రక్తస్రావం కావచ్చు. రోజూ బాగా తాగేవారిలో మాత్ర త్వరగా కరిగిపోయి పని చేయకపోవచ్చు. లివర్ చెడిపోతే మళ్ళీ రక్తస్రావం భయం. కల్లు, బీరు కూడా ఇందులోకే వస్తాయి. ఐ.ఎన్.ఆర్. అవసరం లేని కొత్త మాత్రలు వాడేవారికి కూడా మద్యంతో రక్తస్రావం ముప్పు ఉంది. ప్రభువు బల్లలో తీసుకునే చిన్న గుక్క గురించి మాత్రం భయపడనక్కరలేదు.

గుర్తుంచుకోండి:

* మద్యం మానడమే మేలు. రోజూ తాగేవారు ఒక్కసారిగా మానకుండా డాక్టరుకు చెప్పి మానాలి.
* తాగినా మాత్ర సొంతంగా ఆపవద్దు. ఎక్కువ తాగితే వెంటనే డాక్టరును అడిగి ఐ.ఎన్.ఆర్. చేయించండి.
* మాత్ర మరచిపోతే మరునాడు రెండు వేయవద్దు.
* తలనొప్పికి ఆస్పిరిన్, బ్రూఫెన్ వంటివి సొంతంగా కొని వేసుకోవద్దు.
* నల్లని విరేచనం, రక్తపు వాంతి, ఎర్రని మూత్రం, ఆగని రక్తం, తీవ్రమైన తలనొప్పి కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి రండి. తాగి పడి తలకు దెబ్బ తగిలితే, పైకి గాయం లేకపోయినా తీసుకురండి.

తాగిన సంగతి దాచకండి. మేము కోప్పడటానికి కాదు, సరైన డోసు ఇవ్వడానికే అడుగుతాము.